పేరు మార్చాలా, మనిషిని మార్చాలా?

బయటి మనుషుల్ని కథల్లోకి తెచ్చుకునే రచయితకు రెండు దారులున్నాయి. ఒకటి, తెలిసిన మనిషిని ఉన్నదున్నట్టు దించి పేరు మార్చడం. రెండోది, పేరు మాత్రం తీసుకుని మనిషిని కొత్తగా కల్పించడం. మొదటిదే క్షేమమని చాలామంది నమ్ముతారు. నేనూ నమ్మాను. ఇప్పుడు రెండోదే మేలంటాను.

విశాఖ పూర్ణా మార్కెట్ పక్క వీధిలో ఉండే ఒక వడ్డీ వ్యాపారి ఆధారంగా కథ రాశాను. పేరు మార్చాను గానీ ఆయన కుంటినడక, పాత స్కూటరు, మేడ మీది పావురాల గూళ్లు అలాగే ఉంచాను. రాతప్రతి చదివిన మా పెద్దమ్మ మూడో పేజీలోనే, "ఈయన మన పావురాల మేడాయనే కదరా" అంది. ఆ తర్వాతి పేజీలో, అప్పు తీర్చలేని ఇల్లాలిని ఆయన వేధించినట్టు నేను కల్పించిన ఘట్టం ఉంది. నిజానికి ఆయన ఎన్నడూ అలాంటి పని చేయలేదు. నాకు నిద్ర పట్టలేదు. కథ అచ్చుకు పంపలేదు.

పరువునష్టం కేసులో కోర్టు పేరు దగ్గరే ఆగిపోదు. ఎరిగినవాళ్లు చదివితే ఆ మనిషిని పోల్చుకోగలరా అని చూస్తుంది. ఐపీసీ స్థానంలో 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహితలో పరువునష్టం 356వ సెక్షన్. రెండేళ్ల వరకు సాధారణ జైలు, జరిమానా, ఈ రెండూ, లేదా సమాజసేవ శిక్షగా పడవచ్చు. పరువు తీయాలన్న ఉద్దేశమో, పరువు పోతుందన్న ఎరుకో, అలా నమ్మడానికి తగిన కారణమో ఉంటేనే ఇది నేరం. అయితే గుర్తులన్నీ ఉంచి పేరొక్కటే మార్చిన రచయిత, తనకు ఆ మనిషి తెలియదని ఏ ముఖంతో చెబుతాడు? ప్రజాహితం కోసం చెప్పిన సత్యానికి చట్టం మినహాయింపు ఇచ్చింది. కల్పించిన ఘట్టానికి ఆ మినహాయింపు ఎలా వర్తిస్తుంది?

ఇక పేరు మాత్రం తీసుకునే దారి. సింహాద్రి అప్పన్న, పైడితల్లి, నూకాలమ్మ పేర్లు పెట్టుకున్నవాళ్లు మన విశాఖలో వీధికి పదిమంది కనబడతారు. కథలో ఒట్టి అప్పలరాజు ఎవరినీ చూపించడు. దానికి ఇంటిపేరు తగిలించి, జాలారిపేటలో పడవ యజమాని అన్నారంటే, చేయి ఒకరి వైపు చూపినట్టే. మన దగ్గర ఇంటిపేరే అసలు గుర్తు. అందుకే ఇంటిపేరు, వృత్తి, పేట మూడూ కలిసి ఒక నిజమైన మనిషి మీద వాలకుండా చూసుకుంటాను.

ఈ దారిలోనూ ప్రమాదం లేకపోలేదు. ఇంగ్లండులో ఒక పత్రిక ఆర్టెమస్ జోన్స్ అనే కల్పిత పాత్రను అల్లి, పరాయి స్త్రీతో తిరుగుతున్నట్టు రాసింది. అదే పేరున్న న్యాయవాది దావా వేసి 1,750 పౌండ్లు గెలిచాడు. 1910లో అప్పట్లో అక్కడి అత్యున్నత న్యాయస్థానమైన హౌస్ ఆఫ్ లార్డ్స్ కూడా ఆ తీర్పునే నిలబెట్టింది. ఉద్దేశం లేకుండా జరిగిన పొరపాటుకు అంత కఠినమైన సూత్రం మన దేశంలో చెల్లదని తరువాతి కాలంలో మద్రాసు హైకోర్టు అంది. అయినా అరుదైన పేరు పెట్టేటప్పుడు ఆ వృత్తిలో అలాంటి పేరున్నవారు ఉన్నారేమో విచారించడం మన బాధ్యత.

"ఇందులోని పాత్రలు కల్పితం" అన్న వాక్యం మీద కొందరికి అపారమైన నమ్మకం. రష్యా చక్రవర్తి కొలువులో పలుకుబడి సాధించిన రాస్పుటిన్ కథతో తీసిన సినిమా మీద 1934లో లండన్‌లో రష్యా రాకుమారి యూసుపోవ్ పరువునష్టం దావా వేసి 25,000 పౌండ్లు గెలిచిన తర్వాత ఆ వాక్యం బాగా వ్యాపించింది. ఆ సినిమాలోనూ ఆమె పాత్రకు వేరే పేరే పెట్టారు! చూసేవాళ్లు, చదివేవాళ్లు మనిషిని పోల్చుకున్నాక ఆ వాక్యమొక్కటే అడ్డుపడదు.

చనిపోయినవారి పేర్లు వాడినా పూర్తి స్వేచ్ఛ లేదు. కుటుంబం మనసు నొప్పించే ఉద్దేశంతో నిందిస్తే అదీ 356 కిందికే వస్తుంది. ప్రముఖుల బహిరంగ జీవితం వేరు. ప్రజా రికార్డుల్లో ఉన్నది రాయవచ్చని 1994లో తమిళనాడు హంతకుడు ఆటో శంకర్ ఆత్మకథ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. వారి సొంత బతుకును కల్పించి రాసే చొరవ మాత్రం నేను చేయను.

నా వడ్డీ వ్యాపారి ఇప్పుడు అనకాపల్లిలో బెల్లం కొట్టు నడిపే మనిషి. కుంటినడక లేదు, పావురాలు లేవు. వేధింపు ఘట్టం ఉంది. పేరు మాత్రం అప్పలరాజే.