పెన్‌డ్రైవా, నెట్‌వర్క్ బూటా? ఇంట్లో సర్వర్ ఎక్కించడానికి ఏది మేలు

మా బామ్మర్ది ఒక శనివారం బెంగళూరు ఎస్పీ రోడ్డు నుంచి మూడు చిన్న డబ్బాలు ఆటోలో వేసుకొచ్చాడు. ఏదో ఆఫీసు వాడి వదిలేసిన మినీ పీసీలు. ఒక్కోదాంట్లో 8 జీబీ ర్యామ్, 256 జీబీ ఎస్ఎస్‌డీ. మానిటర్ లేదు, కీబోర్డు లేదు. ఉద్యోగం వెతుక్కుంటూ మారతహళ్లిలో మా ఇంట్లోనే ఉంటున్నాడు. కుబెర్నెటిస్ (చాలా మెషీన్లను కలిపి ఒక జట్టుగా, అంటే క్లస్టర్‌గా నడిపే సాఫ్ట్‌వేర్) నేర్చుకోవాలంటే మూడు మెషీన్లు ఉండాలని ఎవరో చెప్పారట.

"బావా, పెన్‌డ్రైవ్ ఒకటియ్యి, సాయంత్రానికి మూడింట్లో లైనక్స్ ఎక్కించేస్తా" అన్నాడు.

"పెన్‌డ్రైవ్ ఎందుకురా, నెట్‌వర్క్ మీదే ఎక్కిద్దాం" అన్నాను. ఆ ఒక్క మాటకి రెండు వీకెండ్లు పోయాయి. పోతే పోయాయి గానీ, ఏది ఎప్పుడు పనికొస్తుందో మాత్రం బాగా తెలిసింది.

ముందు పెన్‌డ్రైవ్ సంగతి. ఇందులో చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు, దాని గొప్పతనమే అది. ఐఎస్ఓ (ఇన్‌స్టాలర్ మొత్తం ఉన్న ఒకే ఫైలు) దించుకోవడం, రూఫస్‌తోనో ఎచర్‌తోనో పెన్‌డ్రైవ్ మీద రాయడం, ఎఫ్12 నొక్కి దాన్నుంచి మెషీన్‌ని మొదలుపెట్టడం, అంటే బూట్ చేయడం. వెంటాయ్ అనే టూల్ వాడితే రాయడం కూడా అక్కర్లేదు, ఐఎస్ఓ ఫైళ్లను పాటలు కాపీ చేసినట్టు కాపీ చేసుకోవచ్చు. ఒకే పెన్‌డ్రైవ్‌లో డెబియన్, ఉబుంటు, ప్రాక్స్‌మాక్స్ అన్నీ ఉంటాయి, బూట్ అయ్యాక మెనూలో ఎంచుకోవడమే. సెక్యూర్ బూట్ (సంతకం ఉన్న ఫైళ్లనే బూట్ కానిచ్చే సెట్టింగ్) ఆన్‌లో ఉంటే మొదటిసారి ఒక కీ ఎన్‌రోల్ చేయమంటుంది, అంతే. సంతలో దొరికే చవక పెన్‌డ్రైవ్‌లు సెకనుకు సుమారు 8 ఎంబీయే రాస్తాయి. ఉబుంటు సర్వర్ 24.04 ఐఎస్ఓ సుమారు 2.6 జీబీ కాబట్టి ఐదారు నిమిషాలు పడుతుంది. టీ పెట్టుకునేలోపు అయిపోతుంది.

మరి నెట్‌వర్క్ బూట్ ఎందుకు? నా వరకు మొదటి కారణం మా ఇంటి మానిటర్. ఒకటే ఉంది, అది మా ఆవిడ ఆఫీసు పనికి. వారం రోజులూ దాని జోలికి వెళ్లకూడదు.

ఇది పనిచేసే తీరు చూస్తే సింపులే. మెషీన్ ఆన్ కాగానే దాని నెట్‌వర్క్ కార్డు "నాకో ఐపీ ఇవ్వండి, బూట్ ఫైలు ఎక్కడుందో కూడా చెప్పండి" అని ఇల్లంతా వినపడేలా కేకేస్తుంది. డీహెచ్‌సీపీ సర్వర్ (ఐపీలు, అంటే నెట్‌వర్క్ చిరునామాలు పంచేది, ఇళ్లలో మామూలుగా రౌటరే) ఐపీ ఇచ్చి, ఫలానా మెషీన్‌లో ఫలానా ఫైలు ఉంది తెచ్చుకో అంటుంది. ఆ ఫైలు టీఎఫ్‌టీపీ అనే ఫైళ్లు పంపే పద్ధతి మీద వస్తుంది. అది కెర్నల్‌నీ (ఓఎస్ గుండెకాయ), ఇనిషియల్ ర్యామ్‌డిస్క్‌నీ (మొదట మెమరీలోకి ఎక్కే చిన్న ఫైళ్ల మూట) లాక్కొస్తుంది, ఇన్‌స్టాలర్ మొదలవుతుంది. దీన్నే పీఎక్స్ఈ అంటారు. ఇంటెల్ 1999లో ఇచ్చిన 2.1 స్పెసిఫికేషనే చాలా కార్డుల్లో ఇప్పటికీ నడుస్తోంది. అంటే ఆ ఆఫీసు డబ్బాల్లో కూడా ఇది ముందే ఉంది, కొత్తగా కొనేదేమీ లేదు. ఒక షరతు: వైఫై మీద ఇది జరగదు, కేబుల్ ఉండాల్సిందే. గోడకు రంధ్రం పెడతానంటే ఓనర్ ఒప్పుకోలేదు. హాల్లో రౌటర్ నుంచి వెనక గదికి తలుపు కింద నుంచే తీగ లాగాను. ఇప్పటికీ రోజుకొకరు దాన్ని తట్టుకుంటూనే ఉన్నారు.

చిక్కంతా రౌటర్ దగ్గర వచ్చింది. ఐపీతో పాటు బూట్ సర్వర్ పేరు, ఫైలు పేరు చెప్పాలంటే డీహెచ్‌సీపీలో 66, 67 ఆప్షన్లు పెట్టాలి. నెట్ కనెక్షన్‌తో పాటు వచ్చిన మా రౌటర్‌లో ఆ సెట్టింగే లేదు. సరేనని రాస్ప్‌బెర్రీ పై అనే అరచేతి కంప్యూటర్ (ఇక్కడి నుంచి 'పై' అంటే అదే) మీద డీఎన్ఎస్‌మాస్క్ అనే ప్రోగ్రాం ఎక్కించి, దాన్నే డీహెచ్‌సీపీ సర్వర్‌గా పెట్టేశాను. రౌటర్‌లో ఉన్నదాన్ని ఆపలేదు. అంటే ఒకే ఇంట్లో ఇద్దరు యజమానులు.

మధ్యాహ్నం దాకా బాగానే ఉంది. భోజనం చేసి మా ఆవిడ ల్యాప్‌టాప్ మూత తెరిచింది. నిద్రలేచిన ల్యాప్‌టాప్ మళ్లీ ఐపీ అడిగింది, ఈసారి రాస్ప్‌బెర్రీ పై ముందు పలికింది. ఏమీ చెప్పకపోతే డీఎన్ఎస్‌మాస్క్ గేట్‌వేగా, అంటే ఇంటర్నెట్‌కి వెళ్లే దారిగా, తన అడ్రసే ఇస్తుంది. కానీ ఆ రాస్ప్‌బెర్రీ పై నుంచి బయటికి దారి లేదు. రెండింటికి ఉన్న మీటింగ్‌కి "ఏమండీ, నెట్ పోయింది" అని కేక. నేను రౌటర్ రీస్టార్ట్ చేశాను. మళ్లీ పోయింది. ఫోన్లలో కొన్నింటికి వస్తోంది, కొన్నింటికి రావట్లేదు. చివరికి ల్యాప్‌టాప్‌లో గేట్‌వే నంబర్ చూశాక తల పట్టుకున్నాను.

దీనికి మందు ప్రాక్సీ డీహెచ్‌సీపీ. ఐపీలు పంచే పని రౌటర్‌దే. డీఎన్ఎస్‌మాస్క్ పక్కన కూర్చుని, బూట్ కోసం అడిగిన మెషీన్లకు మాత్రం ఫైలు వివరం చెబుతుంది. ఫోన్లు, టీవీ దాన్ని పట్టించుకోవు. కాన్ఫిగ్ ఫైల్లో డీహెచ్‌సీపీ రేంజ్ పక్కన ప్రాక్సీ అన్న ఒక్క మాట చేరిస్తే చాలు. మీరు నెట్‌వర్క్ బూట్ వైపు వెళ్తుంటే మొదటి రోజే ఇలా పెట్టుకోండి, ఇంట్లో శాంతి ఉంటుంది.

తర్వాతి తలనొప్పి బయాస్, యూఈఎఫ్ఐ తేడా. మెషీన్ ఆన్ కాగానే ముందుగా నడిచే ప్రోగ్రాంలో పాత రకం బయాస్, కొత్త రకం యూఈఎఫ్ఐ. రెండింటికీ బూట్ ఫైళ్లు వేరు. మెషీన్ అడిగేటప్పుడే తన రకం ఒక నంబరుతో చెబుతుంది. పాత బయాస్ అయితే 0, 64 బిట్ యూఈఎఫ్ఐ అయితే 7. దాన్నిబట్టి డీఎన్ఎస్‌మాస్క్ తగిన ఫైలు ఇవ్వాలి. మా మూడింట్లో రెండు యూఈఎఫ్ఐలో ఉన్నాయి, ఒకదాన్ని ఎవరో లెగసీలో, అంటే పాత బయాస్ పద్ధతిలో పెట్టి వదిలేశారు. అది బూట్ కాకపోతే గంటసేపు కేబుల్‌ని అనుమానించాను. పైగా నేను వాడిన ఐపీఎక్స్ఈ (పీఎక్స్ఈకి మెరుగైన రూపం) ఫైలుకు సంతకం లేదు, సెక్యూర్ బూట్ ఆపాల్సి వచ్చింది.

ఐపీఎక్స్ఈ ఎందుకంటే, టీఎఫ్‌టీపీ మరీ నత్తనడక. 1980ల మొదట్లో పుట్టిన పద్ధతి. మామూలుగా 512 బైట్ల ముక్క ఒకటి పంపి, అందిందన్న జవాబు వచ్చాకే ఇంకోటి పంపుతుంది. 40 ఎంబీ ఫైలంటే 80 వేల పైచిలుకు ముక్కలు. అందుకే టీఎఫ్‌టీపీతో చిన్న ఐపీఎక్స్ఈ ఫైలు మాత్రం దించి, అక్కడి నుంచి హెచ్‌టీటీపీకి మారిపోవడం మేలు. అప్పుడు మీ ల్యాన్ ఎంతుంటే అంత స్పీడు. ల్యాన్ కూడా చూసుకోవాలి మరి. మా రౌటర్ పోర్టులు 100 ఎంబీపీఎస్‌వి, సెకనుకు 12 ఎంబీ దాటదు. మూడూ ఒకేసారి లాగితే అదీ పంచుకోవాలి. చిన్న గిగాబిట్ స్విచ్ ఒకటి తెచ్చి పైనీ మూడు డబ్బాల్నీ దానికి తగిలించాక ప్రాణం లేచొచ్చింది. మాది పై 4 కాబట్టి సరిపోయింది. పై 3 అయితే దాని పోర్టే 100.

ఏ ఓఎస్ ఎక్కిస్తున్నారన్నది కూడా చూడాలి. డెబియన్‌కి నెట్‌వర్క్ బూట్ హాయిగా ఉంటుంది. కెర్నల్, ర్యామ్‌డిస్క్ కలిపి 50 ఎంబీ అటూఇటూ, మిగతా ప్యాకేజీలు నెట్ నుంచి తెచ్చుకుంటుంది. ఉబుంటు సర్వర్ అలా కాదు. దాని ఇన్‌స్టాలర్ మొత్తం ఐఎస్ఓని ర్యామ్‌లోకి దించుకుంటుంది. 8 జీబీ ఉంటే సరే, 4 జీబీ మెషీన్‌కి ఊపిరాడదు. అలాంటి చోట పెన్‌డ్రైవే దిక్కు. ఇంకోటి, డెబియన్ 12 (2023) నుంచి ఐఎస్ఓల్లో నాన్ ఫ్రీ ఫర్మ్‌వేర్ (హార్డ్‌వేర్ నడవడానికి తయారీదార్లు ఇచ్చే, సోర్స్ బయటపెట్టని ఫైళ్లు) కలిపే ఇస్తున్నారు. నెట్‌బూట్ ఫైళ్లలో అది ఉండదు. మీ నెట్‌వర్క్ కార్డు ఫర్మ్‌వేర్ లేనిదే కదలని రకమైతే ర్యామ్‌డిస్క్‌కి చేతితో అతికించాలి. ఈ విషయంలో పెన్‌డ్రైవ్‌కే నా ఓటు.

ఇన్ని తిప్పలు పడి, ఆదివారం సాయంత్రం మూడు డబ్బాల్లోనూ డెబియన్ ఇన్‌స్టాలర్ నీలి తెర వచ్చింది. బామ్మర్ది చప్పట్లు కొట్టాడు. ఇల్లలకగానే పండగా? భాష ఏది, కీబోర్డు ఏది, టైమ్ జోన్ ఏది, పాస్‌వర్డ్ ఏది, డిస్క్ ఎలా కోయాలి, ప్యాకేజీలు దించే మిర్రర్ ఏది అని అడుగుతూనే ఉంది. మళ్లీ అదే మానిటర్, అదే కీబోర్డు, ఒకదాని తర్వాత ఒకటి మార్చి మార్చి తగిలించడం. పెన్‌డ్రైవ్ అయినా ఇదే పని చేసేవాళ్లం కదా!

నాకు అసలు విషయం తట్టింది అక్కడే. టైమ్ తినేది ఓఎస్‌ని మోసుకొచ్చే పని కాదు, ప్రశ్నలకు జవాబులు చెప్పే పని. ఆ జవాబులన్నీ ముందే ఒక ఫైల్లో రాసి పెడితే డెబియన్‌లో ప్రీసీడ్ అంటారు, ఉబుంటులో ఆటోఇన్‌స్టాల్, రెడ్ హ్యాట్ వైపు కిక్‌స్టార్ట్. ప్రీసీడ్ లేని నెట్‌వర్క్ బూట్ నా దృష్టిలో షోకు మాత్రమే. ప్రీసీడ్ ఉన్న పెన్‌డ్రైవ్ మాత్రం నిజంగా పనికొస్తుంది, వెంటాయ్‌లో దానికి ప్లగిన్ కూడా ఉంది. రెండూ కలిస్తే ఇక చెప్పక్కర్లేదు. రెండో వీకెండ్ ప్రీసీడ్ రాసి, ప్యాకేజీలు మూడుసార్లు దిగకుండా పై మీద ఆప్ట్ క్యాషర్ పెట్టాను. మూడు డబ్బాల బటన్లు నొక్కి ఉప్మా తినడానికి వెళ్లాం. తిరిగొచ్చేసరికి మూడూ ఎస్ఎస్‌హెచ్‌కి (దూరం నుంచి లాగిన్ అయ్యే పద్ధతి) పలుకుతున్నాయి.

అయితే ఆటోమేటిక్‌గా ఎక్కేది ఆటోమేటిక్‌గా చెరిపేయగలదు కూడా. నేను చేసిన పొరపాట్లు మూడు. బయాస్‌లో నెట్‌వర్క్ బూట్‌నే మొదటి స్థానంలో వదిలేశాను. మెనూలో ఐదు సెకన్లు ఆగి ఇన్‌స్టాల్ దానంతటదే మొదలయ్యేలా పెట్టాను. కరెంటు వచ్చాక మెషీన్ తనే ఆన్ అయ్యే సెట్టింగ్ కూడా వేశాను. మే నెల, సాయంత్రం వాన, కరెంటు పోయి వచ్చింది. రాత్రి ఇంటికొస్తే వెనక గదిలో ఒక డబ్బా ఫ్యాను హోరెత్తిపోతోంది. పై లాగ్ తెరిస్తే అదే మెషీన్ అదే ప్రీసీడ్ ఫైలుని 4 సార్లు తీసుకుంది. చెరిపి, ఎక్కించుకుని, రీస్టార్ట్ అయి, నెట్‌వర్క్ నుంచి బూట్ అయి, మళ్లీ చెరపడం. మిగతా రెండూ ఆ రోజు ప్లగ్ పీకి ఉండబట్టి బతికిపోయాయి. బామ్మర్ది నెల రోజుల ప్రాక్టీసు గంగపాలైంది. మా ఇంటి ఫోటోల కాపీ కూడా పోయింది, అసలువి ఫోన్లలో ఉండబట్టి సరిపోయింది.

ఇప్పుడు నా మెనూలో టైమ్ అయిపోతే లోకల్ డిస్క్ నుంచే బూట్ అవుతుంది. ఇన్‌స్టాల్ చేయాలంటే ఆ మెషీన్ మ్యాక్ అడ్రస్ (నెట్‌వర్క్ కార్డుకుండే సొంత నంబరు) పేరుతో ఒక ఫైలు పెట్టాలి, పని కాగానే తీసేయాలి. ఆ ఫైలు లేని మెషీన్‌ని పై ముట్టుకోదు. ఈ తరహా ప్రమాదం పెన్‌డ్రైవ్‌తో దాదాపు రాదు. పీకి జేబులో వేసుకుంటే అయిపోయింది కదా.

ఈ రెండింటికీ మధ్యలో నెట్‌బూట్ డాట్ ఎక్స్‌వైజెడ్ అని ఒకటుంది. చిన్న ఫైలు బూట్ చేస్తే బోలెడన్ని డిస్ట్రోల (లైనక్స్ రకాల) మెనూ వస్తుంది, ఇన్‌స్టాలర్‌ని నేరుగా ఇంటర్నెట్ నుంచే దించుకుంటుంది. కొత్త డిస్ట్రో రుచి చూడ్డానికి బాగుంటుంది. నెట్ నెమ్మదిగా ఉన్న రోజు మాత్రం దాని ముఖం చూడబుద్ధి కాదు.

ఒక్క మెషీన్ ఉండి, ఒకసారి ఎక్కించి రెండేళ్లు వదిలేసే వాళ్లకు పీఎక్స్ఈ అంటే పిచ్చుక మీద బ్రహ్మాస్త్రమే. నేనైతే మెషీన్ల లెక్క కన్నా ఎన్నిసార్లు చెడగొడతారన్న లెక్క చూస్తాను. మా వాడు ఆ తర్వాత క్లస్టర్ నేర్చుకుంటూ వారానికి రెండుసార్లు అన్నీ తుడిచి మొదటి నుంచి మొదలుపెట్టేవాడు. ఆ పనికి నెట్‌వర్క్ బూట్‌ని మించింది లేదు. మ్యాక్ పేరుతో ఫైలు పెట్టి రీబూట్ కొడితే చాలు, సోఫాలోంచి లేవక్కర్లేదు. పోయిన రెండు వీకెండ్లు నెలన్నరలో తిరిగొచ్చాయి.

పోయిన నెల వాడికి వైట్‌ఫీల్డ్‌లో ఉద్యోగం దొరికింది. ఆఫీసు దగ్గరని పీజీలో చేరాడు. అక్కడ రౌటర్ ఓనర్ గదిలో తాళం వేసి ఉంటుంది, గదుల్లో ఉన్నది వైఫై ఒక్కటే. ఒక డబ్బా పట్టుకెళ్తూ, "బావా, నీ వెంటాయ్ పెన్‌డ్రైవ్ కూడా తీసుకెళ్తున్నా" అన్నాడు.