ఓటీజీ కొని 14 నెలలు: డయల్ అబద్ధాలు చెబుతుంది, అయినా అమ్మేయను

ఈ 28 లీటర్ల ఓటీజీ (కేకులు, బ్రెడ్ కాల్చుకునే చిన్న కరెంటు ఓవెన్) నిజానికి నా కోసం కొన్నది కాదు. మా అమ్మాయికి ఇంటర్‌లో కప్‌కేకుల పిచ్చి పట్టి, రోజూ వీడియోలు చూపించి ప్రాణం తీస్తే పండగ ఆఫర్లో ఆరు వేల చిల్లరకు తెప్పించాను. రెండుసార్లు చేసింది, తర్వాత బీటెక్ అని హాస్టల్‌కి వెళ్లిపోయింది. పెట్టె నాకు మిగిలింది. కంపెనీ పేరెందుకులెండి, ఈ ధరలో దొరికేవన్నీ ఇంచుమించు ఒకటే తంతు.

ముందు తిట్లు. డయల్ 180 దగ్గర పెడితే లోపల 205 ఉంటోంది. ఈ సంగతి తెలియక మొదటి మూడు కేకులూ పైన బొగ్గు, లోపల పచ్చి పిండి. కంప్లైంట్ ఇస్తే పన్నెండు రోజులకు ఒకబ్బాయి వచ్చాడు, తలుపు తీసి లోపల చెయ్యి పెట్టి చూసి "నార్మలే మేడం" అని సంతకం పెట్టించుకుని వెళ్లాడు. చెయ్యి పెట్టి డిగ్రీలు చెప్పే విద్య ఎక్కడ నేర్పుతారో! చివరికి లోపల పెట్టే చిన్న థర్మామీటర్ విడిగా కొనుక్కుని, ఇప్పుడు 180 కావాలంటే డయల్ 155 దగ్గర పెడుతున్నాను. ఇంకోటి, ఇది 1500 వాట్లు, ఎక్స్‌టెన్షన్ బాక్సుకు పెట్టొద్దు. మా అద్దె ఇంటి వంటింట్లో పెద్ద ప్లగ్గు లేక ఎలక్ట్రీషియన్‌ని పిలిచి వేయించుకోవాల్సి వచ్చింది. కరెంటు బిల్లు భయం మాత్రం అక్కర్లేదు, గంటసేపు ఆపకుండా కాలినా యూనిటున్నరే, అదీ రాడ్లు మధ్యమధ్యలో ఆరిపోతుంటాయి కాబట్టి అంత కూడా కాదు.

మరి ఎందుకు ఉంచుకున్నానంటే...

నాది బ్యాంకు ఉద్యోగం. పొద్దుటి నుంచి లెక్క సరిచూడ్డం, మళ్లీ చూడ్డం, పక్కవాళ్లు చూసింది ఇంకోసారి చూడ్డం. ఏడున్నరకి ఇంటికొచ్చి అమ్మాయికి ఫోన్ చేస్తే "పనుందమ్మా" అని పెట్టేసేది, ఆ తర్వాత పదింటి దాకా అదే ఫోన్‌లో వేలితో పైకీ కిందకీ తోస్తూ కూర్చునేదాన్ని. ఒక రోజు ఊరికే, డబ్బాలో అమ్మాయి వదిలేసిన ఈస్టు పాడైపోతుందని, 300 గ్రాముల మైదా, చెంచా ఈస్టు, చెంచా పంచదార, ఉప్పు, గోరువెచ్చని పాలు పోసి బ్రెడ్ పిండి పిసకడం మొదలుపెట్టాను. ఐదు నిమిషాలు వేళ్లకి బంకలా అంటుకుని విసుగొచ్చింది, ఫోన్ మోగినా ఎత్తలేని పరిస్థితి. ఎనిమిదో నిమిషానికి కాస్త నూనె వేసేసరికి ఒక్కసారిగా చేతిని వదిలేసి, చెవి తమ్మె అంత మెత్తగా అయింది. ఆ మెత్తదనం కోసమే మర్నాడు మళ్లీ పిసికాను అంటే నవ్వకండి. మాది విజయవాడ, మే నెలలో గంట అక్కర్లేదు, నలభై నిమిషాలకే గిన్నె అంచు దాకా పొంగుతుంది. పొంగిన పిండి మూత తీస్తే అచ్చం పొద్దున్నే ఇడ్లీ పిండి గిన్నె వాసన.

కూరయితే మధ్యలో ఉప్పు చూసుకోవచ్చు, నీళ్లు పోసుకోవచ్చు. ఇక్కడ తలుపు వేశాక మన చేతిలో ఏమీ లేదు, స్టూలు లాక్కుని అద్దంలోంచి చూస్తూ కూర్చోవడమే. రోజంతా అన్నీ సరిచూసే మనిషికి ఆ అరగంట ఏమీ చెయ్యలేకపోవడం ఎంత హాయో చెప్పలేను. (తలుపు మధ్యలో తీసి చూస్తే కేకు కుంగిపోతుంది, అదీ మంచికే.)

అత్తయ్యగారు గుడ్డు తినరు కాబట్టి మా ఇంట్లో కేకంటే పెరుగు, వంటసోడాతోనే. ఆవిడ నా పెళ్లయిన కొత్తలో కుక్కర్‌లో ఇసుక పోసి, గాస్కెట్టూ విజిలూ తీసేసి కేకు చేసేవారు, అది ఇంతకన్నా బాగుండేదని ఇప్పటికీ అంటారు. అంటూనే బ్రెడ్ దించగానే కత్తి పట్టుకుని వస్తారు. వేడి మీద కోస్తే లోపల ముద్దయిపోతుంది, గంట ఆగండి అంటాను. ఆగరు. ఒక అంచు ఎప్పుడూ ముద్దే.

కొనాలనుకుంటే ఫ్యాన్ ఉన్నది, కింది రాడ్డు ఒక్కటే విడిగా వెలిగే స్విచ్ ఉన్నది చూసి కొనండి, థర్మామీటర్ కూడా అదే ఆర్డర్‌లో పెట్టేయండి. 5కి 3 ఇస్తున్నాను, ఆ తగ్గిన రెండూ డయల్‌కీ, "నార్మలే మేడం"కీ.