14 నెలలుగా నా టేబుల్ మీద టమగోచి

బొమ్మల కంపెనీ బాండాయ్ 1996 నవంబర్‌లో జపాన్‌లో తొలిసారి వదిలిన టమగోచి, అంటే చిన్న తెర మీద ఒక ప్రాణిని పెంచుకునే గుడ్డు ఆకారపు బొమ్మ, చిన్నప్పుడు నా దగ్గర ఉండేది. అది ఎక్కడ పోయిందో తెలీదు కానీ దాని మీద బెంగ మాత్రం పోలేదు. అందుకే అభిమానులు చేసిన ఉచిత ప్రోగ్రామ్ ఒకటి ఆర్డుయినో అనే బుల్లి కంప్యూటర్ బోర్డులోకి ఎక్కించి, చిన్న ఓలెడ్ తెర, మూడు బటన్లు, ఒక బజర్ తగిలించుకుని 14 నెలలుగా వాడుతున్నాను.

లోపల పనిచేసేది టామాలిబ్. ఇది అచ్చం అలాగే కనిపించేలా కొత్తగా రాసిన ఆట కాదు. అసలు బొమ్మలోని 4 బిట్ల చిప్‌నే అనుకరిస్తుంది, దాని మీద పాత ప్రోగ్రామే నడుస్తుంది. (ఆ పాత ప్రోగ్రామ్‌ను ఎవరికి వారే సంపాదించుకోవాలి. కాపీరైట్ గొడవ ఉంది మరి.) గుడ్డు 5 నిమిషాలకు పగిలింది. ఆ కీచు పిలుపు వినగానే నా వేలు దానంతటదే బటన్ మీదికి పోయింది! అసలు తెర 32 × 16 చుక్కలే కాబట్టి నా 128 × 64 తెర మీద ఒక్కో చుక్క మూడింతలైంది. నల్లటి తెర మీద తెల్లగా వెలగడమే కాస్త వెలితి.

పెంపకంలో ఏ రాయితీ లేదు. తిండి పెట్టాలి, మురికి కడగాలి, రాత్రి లైటు ఆర్పాలి. కడుపు నిండా ఉండి కూడా ఊరికే పిలిస్తే తిట్టాలి. నేను గారం చేశాను. ఏడ్చినప్పుడల్లా చిరుతిండి పెట్టాను, లావెక్కింది, చివరికి సరిగ్గా పెంచకపోతే వచ్చే టరకోచి అయింది. అది చూడగానే నా పెంపకం ఎలాంటిదో తెలిసిపోయింది. బాగా పెంచితే వచ్చే మమేచి కోసం నాలుగు గుడ్లు పట్టాయి.

నచ్చనిది ఒక్కటే. ప్లగ్గు పీకితే పెంపుడు ప్రాణి ఎక్కడిదక్కడ ఆగిపోతుంది. ఆర్డుయినోలోని మెమరీ అరిగిపోకుండా గంటకోసారే సేవ్ చేస్తుంది కాబట్టి మళ్లీ పెట్టినప్పుడు కాస్త వెనక నుంచి మొదలవుతుంది. మొదట్లో సంతోషించాను. పది రోజులు ఊరెళ్లి వచ్చి ఆన్ చేస్తే ఆకలి చూపే అదే రెండు హృదయాలతో, అదే మూల నిలబడి ఉంది. ఎందుకో ఉసూరుమనిపించింది. నేను లేనప్పుడు దానికి ఆకలి వేయకపోతే ఇక టెన్షన్ ఏముంది? పాత బొమ్మలోనూ గడియారం సరిచేసే చోట వదిలేస్తే సమయం ఆగేది, కానీ అది దొంగదారి అని మనకు తెలుసు. ఇక్కడ అదే రాచబాట.

అందుకని ఇప్పుడు పవర్ బ్యాంక్ తగిలించి, ఎక్కడికెళ్లినా వెంట తీసుకెళ్తున్నాను. జేబులో వైర్లు, మీటింగ్ మధ్యలో కీచుమని అరుపు. మొన్న బజర్ వైరు ఊడిన సంగతి గమనించలేదు. పిలిచీ పిలిచీ చచ్చిపోయింది.

సోల్డరింగ్ రానివాళ్లకు కంప్యూటర్‌లో నడిచే టామాటూల్ ఉంది. అది కూడా ఉచితమే, పైగా వేగం పెంచుకోవచ్చు. నేను వారం వాడి మానేశాను.