గ్రూవిన్ ముందా, కలెక్షన్స్ ముందా? రాస్కల్స్ ఆల్బమ్‌ల వరస

1960ల అమెరికా సోల్, రాక్ బృందం రాస్కల్స్ ఆల్బమ్‌లకు వరస కట్టాలంటే ముందుగా ఒక చిక్కు విప్పాలి. అమెరికా ఆల్బమ్ చార్టులో మొదటి స్థానానికి చేరిన వాళ్ల ఎల్పీ (పూర్తి నిడివి రికార్డు) ఒక్కటే. అది 1968 వేసవిలో వచ్చిన ‘టైమ్ పీస్’, అంటే అప్పటిదాకా వచ్చిన హిట్ పాటల సంకలనం. ‘ఎ బ్యూటిఫుల్ మార్నింగ్’ లాంటి మేలైన పాట కూడా సింగిల్‌గా, అంటే విడి పాట రికార్డుగా వచ్చి నేరుగా ఈ సంకలనంలో చేరింది, మామూలు ఆల్బమ్ దేనిలోనూ లేదు. దీన్ని పట్టుకుని కొందరు అభిమానులు వాదన అక్కడితో ముగించేస్తారు: వీళ్లు సింగిల్స్ బృందం, ‘టైమ్ పీస్’ ఉంటే చాలు, మిగతావి సేకరించేవాళ్ల కోసం. ఆ మాటతో నేను ఏకీభవించను. సంకలనంలో గెలుపులు మాత్రమే వినిపిస్తాయి. న్యూయార్క్, న్యూజెర్సీ ప్రాంతపు నలుగురు కుర్రవాళ్లు నల్లవారి సోల్ సంగీతాన్ని తలకెక్కించుకుని, రెండేళ్లలో దాన్ని తమ సొంత గొంతుగా మార్చుకున్న తీరు వినాలంటే ఆల్బమ్‌లే వినాలి. కాబట్టి ‘టైమ్ పీస్’ను వరస నుంచి తప్పిస్తున్నాను.

బృందం గురించి తెలియనివారికి నాలుగు మాటలు. ఆర్గాన్ వాయిస్తూ పాడేది ఫీలిక్స్ కావలియరీ. రెండో ప్రధాన గాయకుడు ఎడ్డీ బ్రిగాటి. గిటార్ జీన్ కార్నిష్, డ్రమ్స్ డినో డనెల్లి. డనెల్లి తప్ప మిగతా ముగ్గురూ జోయీ డీ బృందంలో పనిచేసి బయటికి వచ్చినవారే. 1965 వేసవిలో లాంగ్ ఐలండ్‌లోని ‘ది బార్జ్’ అనే క్లబ్బులో వాయిస్తూ పేరు తెచ్చుకున్నారు. బీటిల్స్‌ను షే స్టేడియానికి తెచ్చిన సిడ్ బెర్న్‌స్టైన్ వీళ్లకు మేనేజర్ అయ్యారు. రే చార్ల్స్‌ను నిలబెట్టిన అట్లాంటిక్ కంపెనీతో ఒప్పందం కుదిరింది. అయితే తమ రికార్డులకు తామే నిర్మాతలుగా ఉంటామని పట్టుబట్టి మరీ ఒప్పించుకున్నారు. ఆరిఫ్ మార్డిన్, టామ్ డౌడ్ లాంటి ఉద్దండులు పక్కన ఉండి పర్యవేక్షించారు. తెల్లవాళ్లు పాడే సోల్‌కు ఆ రోజుల్లో ‘బ్లూ-ఐడ్ సోల్’ అన్న పేరు వాడుకలోకి వచ్చింది. ఆ ముద్రతో వచ్చిన చాలామంది నల్ల గాయకుల పోకడలు అరువు తెచ్చుకున్నారు. వీళ్ల పాటలను మాత్రం నల్లవారి రేడియో స్టేషన్లే వేశాయి. ‘గ్రూవిన్’ పాట నల్లవారి సంగీతపు చార్టు అయిన ఆర్ అండ్ బీలో 3వ స్థానం దాకా వెళ్లింది.

నేను వరస కట్టడానికి వాడే కొలత ఒకటే. ఈ బృందం బలం రెండు గొంతులు, నాలుగు జతల చేతులు. కావలియరీ గొంతులో చర్చి గాయకుడి వేడి ఉంటుంది. బ్రిగాటి గొంతులో రంగస్థల గాయకుడి సోయగం ఉంటుంది. వేదిక మీద వీళ్లకు బాస్ గిటారిస్టు లేరు. ఆర్గాన్ పెడళ్ల మీద కావలియరీ కాళ్లే ఆ పని చేసేవి. ఆ నలుగురి పాలూ ఏ ఆల్బమ్‌లో నిండుగా వినిపిస్తే అది పైన, ఒక్కరి పాలు మిగతావాళ్లను మింగేస్తే అది కింద.

అసలు పోటీ 1967లో వచ్చిన రెండు ఆల్బమ్‌ల మధ్యే ఉంది. జనవరిలో ‘కలెక్షన్స్’, జూలై చివర్లో ‘గ్రూవిన్’. ఆరు నెలల ఎడం మాత్రమే అయినా రెండూ రెండు లోకాలు.

‘కలెక్షన్స్’ను మొదట పెట్టేవాళ్ల వాదన బలమైనదే. ఇందులో బృందం ఇంకా క్లబ్బు చెమటతోనే ఉంది. ‘కమాన్ అప్’లో గిటార్, ఆర్గాన్ ఒకదాన్నొకటి తోసుకుంటూ పరుగెత్తుతాయి. ‘లవ్ ఈజ్ ఎ బ్యూటిఫుల్ థింగ్’ సొంత రచనే అయినా అట్లాంటిక్ వారి పాత సోల్ రికార్డుల మధ్య కలిపేస్తే పోల్చుకోలేం. ‘లోన్లీ టూ లాంగ్’ గురించి ఎంత చెప్పినా తక్కువే. సోల్ హిట్లకు పేరుపొందిన మోటౌన్ కంపెనీ పాటల నడకను పట్టుకుని, దాని మీద కావలియరీ పాడిన తీరులో ఒంటరితనం తీరిన ఊపిరి వినిపిస్తుంది. పాటలో దుఃఖం గతం, సంతోషం వర్తమానం. ఆ మలుపును ఆయన మాటల కన్నా గొంతుతోనే ఎక్కువ చెప్పారు. అమెరికా చార్టులో అది 16వ స్థానంలో ఆగిపోయింది. అంతకంటే పైకి వెళ్లవలసిన పాట అని నాకు ఇప్పటికీ అనిపిస్తుంది.

అయితే ‘కలెక్షన్స్’లో సగం ఇతరుల పాటలే. మార్వెలెట్స్ పాడిన ‘టూ మెనీ ఫిష్ ఇన్ ద సీ’, విల్సన్ పికెట్ అప్పటికే దేశమంతా మోగించిన ‘లాండ్ ఆఫ్ ఎ థౌజండ్ డాన్సెస్’, మిరకిల్స్ పాటను బాబీ బ్లాండ్ పాటతో కలిపిన జంట పాట. బాగా పాడారు, సందేహం లేదు. కానీ వినగానే అసలు గాయకులు గుర్తుకొస్తారు. బ్రిగాటి పాడిన ‘మోర్’ అన్న సినిమా పాట అయితే పూర్తిగా వేరే ఆల్బమ్‌లోంచి తప్పిపోయి వచ్చినట్టుంటుంది. ఆయన గొంతు ఎంత విశాలమో చూపడానికి అది పనికొచ్చింది, ఆల్బమ్ నడకకు మాత్రం అడ్డు తగిలింది.

‘గ్రూవిన్’ మీద ఉన్న ఫిర్యాదు మరొకటి. అందులోని 11 పాటల్లో ఎనిమిది పాటలు సింగిల్స్ ఎ, బి వైపుల్లో కూడా వచ్చినవే. ‘యూ బెటర్ రన్’ 1966 నాటిది. కాబట్టి ఇదీ ఒక సంకలనమే, ఆల్బమ్ అని ఎందుకు పొగడాలి అంటారు. ఏ పాట ఎప్పుడు విడుదలైందన్న లెక్క ఇక్కడ పనికిరాదు, పాటలు పక్కపక్కన ఎలా కూర్చున్నాయన్నదే చూడాలి. ‘ఎ గర్ల్ లైక్ యూ’ ఇత్తడి వాద్యాల సందడితో తెరుచుకుంటుంది. తర్వాత గరుకు గిటార్‌తో ‘ఫైండ్ సమ్‌బడీ’. ఆ తర్వాత కార్నిష్ రాసి పాడిన పాట ఒకటి. స్పానిష్ గిటార్ ఛాయలతో ‘సుఎన్యో’. అటుపై మూడు మాత్రల వాల్ట్జ్ నడకలో, అకార్డియన్‌తో, బ్రిగాటి గొంతులో ‘హౌ కెన్ ఐ బి షూర్’. ఒక ఎల్పీ మొదటి వైపులోనే ఇన్ని రంగులు చూపి, ఎక్కడా గాడి తప్పని బృందాలు ఆ ఏడాదిలో ఎక్కువ లేవు. ‘హౌ కెన్ ఐ బి షూర్’ 4వ స్థానానికి వెళ్లింది. అయిదేళ్ల తర్వాత డేవిడ్ కాసిడీ పాడితే బ్రిటన్‌లో మొదటి స్థానమే దక్కింది. అయినా ప్రేమలో ఉన్న మనిషికి కలిగే నిలకడలేనితనం బ్రిగాటి పాడినదానిలో ఉన్నంతగా మరెవరిలోనూ లేదు.

ఇక ‘గ్రూవిన్’ పాట. శుక్ర, శనివారాల రాత్రులు వాయించే సంగీతకారుడికి ప్రేమించిన అమ్మాయితో గడపడానికి దొరికేది ఆదివారం మధ్యాహ్నమే. ఆ తీరికే పాట అయింది. డ్రమ్స్ సెట్టు స్థానంలో కాంగాలు, ఒక హార్మోనికా, పక్షుల కూతలు, చక్ రైనీ వాయించిన బాస్ గిటార్. కంపెనీ పెద్దలకు మొదట ఇది నచ్చలేదు. రేడియో వ్యాఖ్యాత మరీ ది కే విని, ఇది పెద్ద హిట్ అవుతుందని వాళ్లను ఒప్పించారు. 1967 మే నెలలో మొదటి స్థానానికి వెళ్లింది. మధ్యలో రెండు వారాలు అరీతా ఫ్రాంక్లిన్ ‘రెస్పెక్ట్’ దాన్ని దించింది, జూన్‌లో మళ్లీ పైకి వచ్చింది. అదే అరీతా మరుసటి ఏడాది తన ‘లేడీ సోల్’ ఆల్బమ్‌లో ఈ పాటనే పాడారు. సోల్ రాణి తిరిగి పాడిన తర్వాత ఈ బృందం సోల్‌కు బయటివాళ్లా, లోపలివాళ్లా అన్న ప్రశ్నకు చోటెక్కడిది? స్టీవీ వండర్ పాట ‘ఎ ప్లేస్ ఇన్ ద సన్’ ఒక్కటే ఈ ఆల్బమ్‌లో బయటిది. హ్యూబర్ట్ లాస్ వేణువుతో నడిచే ‘ఇట్స్ లవ్’ చివరిది. నలుగురి పాలూ సమంగా నిండిన ఆల్బమ్ ఇదే. కాబట్టి ‘గ్రూవిన్’ మొదట, ‘కలెక్షన్స్’ రెండు.

మొదటి ఆల్బమ్ ‘ది యంగ్ రాస్కల్స్’ (1966) గురించి తొందరగా చెప్పుకోవచ్చు. పది పాటల్లో బృందం సొంత రచన ఒక్కటే. ‘గుడ్ లవిన్’ అదే ఏడాది ఏప్రిల్‌లో మొదటి స్థానానికి వెళ్లింది. అంతకుముందు ఒలింపిక్స్ పాడిన ఆ పాట వీళ్ల చేతిలో పేలుడు పదార్థమైంది. ‘మస్టాంగ్ సాలీ’ని విల్సన్ పికెట్ కన్నా ముందే వీళ్లు ఎల్పీకి ఎక్కించారని చాలామందికి తెలియదు. బార్జ్ క్లబ్బులో ఒక రాత్రి ఎలా ఉండేదో ఊహించుకోవాలంటే ఈ రికార్డు వినాలి. కానీ పాటలు రాసే బృందం ఇంకా పుట్టలేదు. నాలుగో స్థానం.

మూడో స్థానం కోసం అభిమానులు గట్టిగా తగువుపడేది ‘వన్స్ అపాన్ ఎ డ్రీమ్’ (1968), ‘ఫ్రీడమ్ సూట్’ (1969) గురించి. మొదటిదాంతోనే పేరులోని ‘యంగ్’ పోయి రాస్కల్స్ మిగిలారు. బీటిల్స్ ‘సార్జెంట్ పెప్పర్’ వచ్చి ఏడాది తిరగలేదు. ఆల్బమ్ అంటే ఒకే కలగా ఉండాలన్న పట్టుదల ప్రతి బృందానికీ పట్టుకున్న కాలం అది. డనెల్లి కళాకృతులతో అట్ట, పాటల మధ్య చిన్న చిన్న శబ్దాలు, తీగ వాద్యాల బృందం. ‘మై వరల్డ్’ దగ్గర పాత సోల్ వేడి తిరిగి వస్తుంది, ‘రెయినీ డే’ మెత్తగా తాకుతుంది. ‘మై హవాయి’ వచ్చేసరికి మాత్రం అలంకారం ఎక్కువై ఊపిరి తగ్గింది.

ఇందులోనే ‘సత్త్వ’ అనే పాట ఉంది. కావలియరీ స్వామి సచ్చిదానంద శిష్యులు. 1969లో వుడ్‌స్టాక్ ఉత్సవాన్ని ప్రారంభిస్తూ మాట్లాడిన ఆ తమిళ స్వామీజీయే. కాబట్టి ఈ పాటను సితార్ ఫ్యాషన్‌గా ఉన్న రోజుల వేషం అని కొట్టిపారేయడం న్యాయం కాదు. గుణాల గురించి చిన్నప్పటి నుంచి వింటూ పెరిగిన తెలుగు శ్రోతకు ఆ పేరు వెనక ఉన్న తపన అర్థమవుతుంది. అయినా సంగీతంగా చూస్తే ఆ తపనకు తగిన రాగం అందలేదు. మన వాద్యాల రంగు పైపూతగానే నిలిచింది. కావలియరీ నమ్మిక నిజమైనది, పాట సాధించినది కొంచెమే.

అదే నమ్మిక ‘ఫ్రీడమ్ సూట్’లో వీధిలోకి వచ్చింది. మార్టిన్ లూథర్ కింగ్, రాబర్ట్ కెన్నెడీల హత్యలు రెండు నెలల తేడాలో జరిగిన 1968లో ‘పీపుల్ గాట్ టు బి ఫ్రీ’ వచ్చింది. అయిదు వారాలు మొదటి స్థానంలో నిలిచింది. వాళ్లు పాటతో ఆగలేదు. తాము వాయించే ప్రతి కచేరీలో నల్లవారి బృందం కూడా ఉండాలన్న షరతు పెట్టారు. దానివల్ల దక్షిణాది రాష్ట్రాల్లో కచేరీలు పోగొట్టుకున్నారు. సంపాదన వదులుకుని మాట నిలబెట్టుకున్న హిట్ బృందాలు ఎన్ని ఉన్నాయి? ఈ ఒక్క కారణంగా ‘ఫ్రీడమ్ సూట్’ను మొదటి స్థానంలో పెట్టే అభిమానులున్నారు. వాళ్ల మనసు నాకు తెలుసు. ‘ఎ రే ఆఫ్ హోప్’ వింటే, ‘హెవెన్’ వింటే ఆ పక్షానికి వెళ్లిపోవాలనిపిస్తుంది.

కానీ అది రెండు రికార్డుల ఆల్బమ్. రెండో రికార్డు మొత్తం వాద్య సంగీతం. ‘బూమ్’ అన్న డ్రమ్స్ సోలో పది నిమిషాలు దాటి సాగుతుంది. ‘క్యూట్’ అన్న ఒక్క పాట నాలుగో వైపంతా ఆక్రమించింది. డనెల్లి గొప్ప డ్రమ్మర్, అందులో రెండో మాట లేదు. కానీ మన కచేరీలో తని ఆవర్తనం రక్తి కట్టేది అంతకుముందు నడిచిన కీర్తన తాళం మనసులో ఇంకా ఆడుతుండటం వల్ల. ఇక్కడ సోలోకు ముందూ వెనకా పట్టుకోవడానికి పాట లేదు. బయటికి వచ్చే దారి తెలియని వాయింపు అయింది. పైగా ఈ బృందపు బలం క్లుప్తత. మూడు నిమిషాల్లో చెప్పేయగలవాళ్లు పదిహేను నిమిషాలు ఎందుకు మాట్లాడాలి?

నా తీర్పు ఇది: మొదటి రికార్డు ఒక్కటే విడిగా వచ్చి ఉంటే ‘ఫ్రీడమ్ సూట్’ ‘కలెక్షన్స్’తో సమంగా నిలిచేది. రెండూ కలిపి లెక్కవేసినా మూడో స్థానం దానిదే. ‘వన్స్ అపాన్ ఎ డ్రీమ్’ అయిదోది. ఆ కల కంటున్నప్పుడు వాళ్ల చూపు ఇతరుల రికార్డుల మీద ఉంది. ‘ఫ్రీడమ్ సూట్’లో తమ చుట్టూ ఉన్న దేశం మీద ఉంది.

‘సీ’ (1969 డిసెంబరు) అన్యాయంగా మరుగున పడింది. చిత్రకారుడు మాగ్రిట్ గీసిన చిత్రం అట్టగా వచ్చిన ఈ ఆల్బమ్ 45వ స్థానం దాటి పైకి వెళ్లలేదు. ‘క్యారీ మి బ్యాక్’లో గాస్పెల్ (చర్చి పాట) ఉత్సాహం, ఆల్బమ్ పేరే ఉన్న పాటలో రాక్ వేగం ఉన్నాయి. లోటు ఒక్కటే, పాటల్లో ఎక్కువ భాగం కావలియరీ ఒక్కరే రాసినవి. బ్రిగాటితో కలిసి రాసేటప్పుడు ఉన్న తేలికదనం తగ్గింది. అయినా ‘వన్స్ అపాన్ ఎ డ్రీమ్’ వెనకాలే, పెద్ద దూరం లేకుండా పెడతాను. 1970లో బ్రిగాటి వెళ్లిపోయారు. మరుసటి ఏడాది వచ్చిన ‘సెర్చ్ అండ్ నియర్‌నెస్’ 198వ స్థానంలో తేలింది. గాయనీమణుల బృందం స్వీట్ ఇన్‌స్పిరేషన్స్ తోడు పాడిన ‘గ్లోరీ గ్లోరీ’ కోసం దాన్ని వినవచ్చు, తక్కినది అలసిన పని.

కార్నిష్ కూడా వెళ్లాక కొలంబియా కంపెనీకి చేసిన ‘పీస్‌ఫుల్ వరల్డ్’ (1971)లో అలిస్ కోల్ట్రేన్ లాంటి జాజ్ కళాకారులు ఉన్నారు. పేరు పాట ఇరవై నిమిషాలు దాటుతుంది. కొన్ని చోట్ల చాలా అందంగా ఉంది. దానిలో పాత బృందం నుంచి మిగిలింది కావలియరీ, డనెల్లి మాత్రమే. రాస్కల్స్ వరసలో అట్టడుగున పెట్టి దాన్ని చిన్నబుచ్చడం కన్నా, కావలియరీ కొత్త బృందపు మొదటి ఆల్బమ్‌గా విడిగా వినడమే దానికి మర్యాద. 1972 నాటి ‘ది ఐలండ్ ఆఫ్ రియల్’కూ అదే వర్తిస్తుంది.