లోఫోటెన్‌కు కెమెరాతో వెళ్తే: ఏది చూడాలి, ఏది వదిలేయాలి

నార్వే ఉత్తరాన ఉన్న లోఫోటెన్ దీవులకు ఎప్పుడు వెళ్లాలని ఎవరైనా అడిగితే, ఫిబ్రవరి చివర నుంచి మార్చి దాకా అని చెబుతాను. ఆర్కిటిక్ వృత్తానికి పైన, 68 డిగ్రీల అక్షాంశం దగ్గరున్న చోటు ఇది. డిసెంబరులో సూర్యుడే కనపడడు, జూన్‌లో అస్తమించడు. ఈ మధ్య నెలల్లోనైతే పగలూ చాలినంత ఉంటుంది, రాత్రి ఆకాశంలో కనపడే ఆకుపచ్చ వెలుగులు, అంటే అరోరాకు కావలసిన చీకటీ ఉంటుంది. పొద్దు కొండల అంచున ఏటవాలుగా జారుతుంది కాబట్టి, మన ఊళ్లో చూస్తుండగానే అయిపోయే సాయంత్రపు వెలుగు ఇక్కడ చాలాసేపు నిలుస్తుంది.

బస రెయినె అనే ఊరి చుట్టుపక్కల, రోర్బులో. నీళ్లలో నిలబెట్టిన చెక్క గుంజల మీద కట్టిన ఎర్రటి చెక్క ఇళ్లు ఇవి. ఒకప్పుడు కాడ్ చేపల వేటకొచ్చే జాలర్లు ఉండేవారు, ఇప్పుడు టూరిస్టులం ఉంటున్నాం. అద్దె గట్టిగానే ఉంటుంది. కానీ వంటగది ఉందా, ఇక సగం టెన్షన్ పోయినట్టే. హోటల్ భోజనం ధరలు చూశాక అన్నం, పప్పు వండుకోవడమే నయమనిపిస్తుంది, శాకాహారులకైతే మరీను.

అందరూ తీసే ఫొటో రెయినె దగ్గరి హమ్నోయ్ వంతెన మీద నుంచి. తెల్లవారకముందే ట్రైపాడ్లు బారులు తీరి ఉంటాయి. బాగుంటుంది, కాదనను. ఒక్కసారి తీసుకుని వచ్చేయవచ్చు.

నాకు మనసు పట్టింది ఉట్టక్లేవ్ తీరం. హాక్‌లాండ్ నుంచి చిన్న సొరంగం దాటితే వస్తుంది. గుండ్రటి రాళ్ల మధ్య నుంచి అల వెనక్కి వెళ్లేటప్పుడు షట్టర్‌ను అర సెకను తెరిచి ఉంచితే, నురగ తెల్లటి దారాల్లా గీతలు కడుతుంది. ఆ అర సెకను కుదరాలంటే అల ఎప్పుడు విరుగుతుందో, ఏ రాయిని చుట్టి వెళుతుందో గమనిస్తూ ఉండాలి. చూస్తూ చూస్తూ ఉంటే నీటి మట్టం తగ్గడం, రాయి మీద నాచు రంగు మారడం కూడా కంటికి ఆనుతాయి. కెమెరా చేతిలో లేకపోతే ఆ చలిగాలిలో ఒక రాయి ముందు అంతసేపు నిలబడేవాణ్ణా? అనుమానమే.

చేపలు ఆరబెట్టే చెక్క పందిళ్లనూ వదలొద్దు. తోకలు జతగా కట్టి వేలాడదీస్తారు. మన ఎండుచేపల్లా ఉప్పు పట్టించరు. చలిగాలే ఆరబెడుతుంది. తలలను వేరుగా కట్టి ఆరబెడతారు, అవి ఎక్కువగా నైజీరియాకు వెళతాయట. దగ్గరికెళ్లి చూస్తే తెరిచిన నోళ్లు, బిగుసుకున్న చర్మం. వాసన గురించి మాత్రం చెప్పను!

రెయినెబ్రింగెన్ కొండ ఎత్తు 448 మీటర్లు. నేపాల్ షెర్పాలు వేసిన రాతి మెట్లున్నాయి. చలికాలంలో మంచు చరియలు విరిగిపడే ప్రమాదం ఉంది కాబట్టి వేసవికి వాయిదా వేయండి.

అరోరాయే ముఖ్యమైతే స్వీడన్‌లోని అబిస్కో మేలు. నార్వేలోని నార్విక్ నుంచి రైలుంది. పడమటి కొండలు మబ్బుల్ని అడ్డుకోవడంతో అక్కడ ఆకాశం తేటగా ఉండే అవకాశం ఎక్కువ. లోఫోటెన్‌లో సముద్రపు మబ్బులు ఎప్పుడు కమ్ముకుంటాయో తెలియదు. కాకపోతే చలి తేడా ఉంది. సముద్రపు వెచ్చటి ప్రవాహం వల్ల లోఫోటెన్ సున్నా డిగ్రీల చుట్టుపక్కలే ఉంటుంది, అబిస్కోలో మైనస్ 20 కూడా మామూలే. నేను వెళ్లిన అరోరా టూర్‌లో వ్యాను హెడ్‌లైట్లు ఆర్పనే లేదు, గైడుకు తిరిగెళ్లే తొందర. ఊరి దీపాలకు దూరంగా సొంతంగా నడిచి వెళ్లి, లెన్సును బాగా తెరిచి (ఎఫ్ 2.8), వెలుగును పట్టే సున్నితత్వం పెంచి (ఐఎస్ఓ 1600), షట్టర్‌ను పది సెకన్లు తెరిచి ఉంచి తీసిన ఫొటోలే బాగా వచ్చాయి.

చలికి బ్యాటరీలు త్వరగా దిగిపోతాయి, రెండోది చొక్కా లోపలి జేబులో పెట్టుకోండి. గదిలోకి వచ్చేముందు కెమెరాను బయటే జిప్ కవర్లో వేసేయాలి, లేదంటే లెన్సుకు చెమ్మ పడుతుంది. బూట్లకు తగిలించే ఇనుప ముళ్లు తప్పనిసరి. డబ్బు తక్కువైతే టూర్లు వదిలేయండి గానీ, లోఫోటెన్‌లో కారు అద్దె మానకండి. బస్సులు తక్కువ, వెలుగు వచ్చే వేళకు అవి రావు.