పెయింటు బకెట్లలో పూలతోట: ఏళ్ళ తరబడి వాడాక నా అభిప్రాయం

ముందే చెప్పేస్తాను. డాబా మీద పూలమొక్కలు పెంచడానికి 20 లీటర్ల పెయింటు బకెట్‌ను మించిన కుండీ నాకింతవరకూ తగల్లేదు. డబ్బు పెట్టి కొన్నవాటిలోనూ లేదు, ఊరికే దొరికినవాటిలోనూ లేదు. మాది రాజమండ్రి. మా మేడమీద మల్లె, కనకాంబరం, చామంతి, మందారం, గులాబీ, డిసెంబరాలు దాదాపు అన్నీ పాత సామానులోనే పెరుగుతున్నాయి. పెయింటు డబ్బాలు, థర్మాకోల్ పెట్టెలు, చెడిపోయిన వాషింగ్ మెషీన్ డ్రమ్ము, పాత తువ్వాళ్ళతో చేసిన సిమెంటు కుండీలు, మధ్యలో కొన్న గ్రో బ్యాగులు అన్నీ వాడి చూశాను. ఇందులో ఏది నిలబడింది, ఏది ఎండకు పిండి పిండి అయిపోయింది, ఏది చవకలా కనిపించి జేబుకు చిల్లు పెట్టింది అన్నదే ఇక్కడ రాస్తున్నాను.

ఈ బకెట్లు తేలిగ్గా దొరికే కాలం ఒకటుంది. సంక్రాంతికి ముందు మా వైపు ఇళ్ళకు రంగులు వేయిస్తారు. డిసెంబరు వచ్చిందంటే ప్రతి వీధిలోనూ ఎవరో ఒకరి గుమ్మం ముందు ఖాళీ డబ్బాలు బోర్లించి ఉంటాయి. అవి ఇంటివాళ్ళవి అనుకుంటాం గానీ, మా దగ్గర ఖాళీ డబ్బా మేస్త్రీదే. "బాబాయ్, ఆ డబ్బాలు నాకిస్తావా?" అంటే, "ఇంట్లో నీళ్ళు పట్టుకోడానికమ్మా. సరే, రెండు తీసుకో, తతిమ్మావి పనయ్యాక చూద్దాం" అంటాడు. నలభయ్యో యాభయ్యో చేతిలో పెడితే డబ్బా మనదవుతుంది. పాత సామాన్ల కొట్లో ఇంకొంచెం ఎక్కువ. అదే సైజు కొత్త ప్లాస్టిక్ కుండీకి దానికి కొన్ని రెట్లు పెట్టాలి, పైగా దానికి పట్టుకుని మోయడానికి చెయ్యి ఉండదు.

తీసుకునేటప్పుడు ఎమల్షన్ డబ్బాలే చూసుకోవాలి. అది నీళ్ళలో కలిపే రంగు కాబట్టి ఒక రాత్రి నీళ్ళు పోసి ఉంచితే అడుగున ఎండిన పొర ఊడి వచ్చేస్తుంది. ఆయిల్ పెయింటువి రేకు డబ్బాలు. వాటి వాసన పోదు, తుప్పూ ఆగదు. ఆకుకూరలకు మాత్రం నేను పెయింటు డబ్బా ఏదీ వాడను. ఇవి పూలకే.

అసలు సంగతంతా కన్నాల్లో ఉంది. అందరూ అడుగున పొడుస్తారు. మల్లెకు, మందారానికి నేను అడుగున పొడవకుండా, పక్కన అడుగు నుంచి ఒక అంగుళం ఎత్తులో నాలుగైదు కన్నాలు పెడతాను. ఆ అంగుళంలో నిలిచే నీళ్ళే మే నెల మధ్యాహ్నాల్లో మొక్కను కాపాడతాయి. వేళ్ళు డాబా మీదకి పాకవు, డబ్బా నేలకు ఆని ఉన్నా కన్నం మూసుకుపోదు. గులాబీకి, చామంతికి ఈ పద్ధతి పనికిరాదు. వేరు తడిలో నానితే కుళ్ళిపోయే మొక్కలవి. వాటికి అడుగునే కన్నాలు పెట్టి, డబ్బా కింద రెండు ఇటుకలు వేయాలి. కన్నాలకు డ్రిల్లింగ్ మెషీన్ మేలు. కాల్చిన ఊచతో పొడిస్తే వచ్చే పొగ మంచిది కాదు, డబ్బా కూడా ఆ చుట్టూ పెళుసెక్కి తర్వాత అక్కడే పగులుతుంది.

లోపాలు లేవనను. మొదట పోయేది చెయ్యి. ఇనప తీగ తుప్పు పట్టి, మట్టితో ఉన్న డబ్బా ఎత్తేటప్పుడు ఒకరోజు తెగుతుంది. అందుకే తుఫాను హెచ్చరిక వచ్చినప్పుడు ఇప్పుడు అంచు కింద పట్టుకునే ఎత్తుతాం. రెండోది, పడమటి ఎండ తగిలే వైపు అంచు కొన్నేళ్ళకు పెళుసుగా మారుతుంది. ఆ వైపు పాత చీర ముక్క చుట్టి కడితే డబ్బా ఆయుష్షు పెరుగుతుంది, వేరుకు వేడీ తగ్గుతుంది. తెల్ల డబ్బా దొరికితే నల్లది ముట్టుకోకండి.

బరువు గురించి చాలామంది ఆలోచించరు. తడి మట్టితో నిండిన 20 లీటర్ల డబ్బా దాదాపు 30 కిలోలు తూగుతుంది. మనుషులు తిరిగే డాబాకు మన దేశ ప్రమాణాల ప్రకారం లెక్కగట్టే బరువు చదరపు మీటరుకు సుమారు 150 కిలోలు. అంటే డాబా మధ్యలో డబ్బాలు గుంపుగా పేర్చకూడదు. గోడల మీదుగా, దూలాలు వెళ్ళే చోట వరసగా పెట్టుకోవాలి. మట్టి తగ్గించడం ఇంకా మంచిది. గోదావరి జిల్లాల్లో ఉన్నవాళ్ళకు ఇక్కడో అదృష్టం ఉంది: రైస్ మిల్లుల ఊక, కోనసీమ కొబ్బరి పొట్టు. నేను ఒండ్రు మట్టి ఒక వంతు, కొబ్బరి పొట్టు గానీ నల్లగా కాల్చిన ఊక గానీ ఒక వంతు, పశువుల ఎరువు ఒక వంతు, డబ్బాకు గుప్పెడు వేపపిండి కలుపుతాను. ఊక తెల్ల బూడిద అయ్యేదాకా కాల్చకూడదు, నల్లగా ఉండగానే నీళ్ళు చల్లి ఆపేయాలి. పచ్చి ఊక అలాగే కలిపితే అది మగ్గేటప్పుడు మొక్కకు అందాల్సిన నత్రజని లాగేసుకుంటుంది, ఆకులు పాలిపోతాయి. కొబ్బరి పొట్టు రెండుసార్లు నానబెట్టి ఆ ఎర్రనీళ్ళు పారబోశాకే వాడాలి.

థర్మాకోల్ పెట్టెల దగ్గరకొస్తే, చేపల మార్కెట్లో, పళ్ళ కొట్లలో ఊరికే ఇస్తారు. బరువుండదు, ఎండ లోపలికి దిగదు. బంతి, టేబుల్ రోజ్ వాటిలో మొదటి ఏడు ఎంత బాగా వచ్చాయో! రెండో వేసవికి పక్కలు ఉబ్బాయి, కాకులు పొడిచాయి, చీమలు కాపురం పెట్టాయి. ఆ తర్వాత మొదలైంది అసలు బాధ. పెట్టె రాలి తెల్ల గుళ్ళుగా మారి డాబా అంతా, నీళ్ళ గొట్టంలో, పక్కింటి వాకిట్లో కూడా అవే. ఊరికే వచ్చింది కదా అని తెచ్చుకుంటే ఊడ్చడానికి ఓపిక ఖర్చవుతుంది. మళ్ళీ తేను.

వాషింగ్ మెషీన్ డ్రమ్ము మాత్రం రాజాలాంటిది. స్టెయిన్‌లెస్ స్టీలు, తుప్పు పట్టదు, కన్నాలు కంపెనీవాళ్ళే పెట్టి ఇచ్చారు. ఆ కన్నాల్లోంచి మట్టి కారకుండా లోపల పాత గోనె పరిచాను. మా మల్లె ముదురు చెట్టు అందులోనే ఉంది. అయితే ఇది మన ఇంట్లో మెషీన్ పాడైతేనే లాభం. పాత సామాన్ల కొట్లో అడిగితే స్టీలు రేటున కాటా వేసి ఇస్తారు, ఆ డబ్బుకు బకెట్లు అరడజను వస్తాయి.

సిమెంటు తువ్వాలు కుండీల సరదా వేరు. పాత టర్కీ టవలు సిమెంటు జారులో ముంచి, బోర్లించిన బకెట్ మీద మడతలు పడేలా ఆరేస్తే, మర్నాటికి గట్టిపడి గౌను అంచులా నిలబడుతుంది. సెలవుల్లో పిల్లలతో చేయించడానికి ఇంతకన్నా మంచి పని లేదు. చేతులకు గ్లవుజులు తప్పనిసరి, సిమెంటు చర్మాన్ని కాలుస్తుంది. గట్టిపడ్డాక వారం రోజులు నీళ్ళు చల్లుతూ తడిగా ఉంచాలి. ఆ తర్వాత ఇంకొన్నాళ్ళు నీళ్ళు నింపి, పారబోసి, మళ్ళీ నింపాలి. ఈ రెండోది ఎవరూ చెప్పరు. కొత్త సిమెంటులోంచి సున్నపు గుణం మట్టిలోకి దిగుతుంది. అందులో గులాబీ పెడితే లేత ఆకు ఈనెలు పచ్చగా, మిగతా అంతా పసుపుగా తేలుతుంది. ఇనుము లోపం అని మందులు పోస్తూ ఉంటాం, తప్పు కుండీది. కాగితం పూలు, అడీనియం లాంటి మొండి మొక్కలకు ఈ కుండీలు సరిపోతాయి. ఒకచోట పెట్టాక కదపకూడదు, కదిపితే విరుగుతాయి. అందానికి పూర్తి మార్కులు, మన్నికకు సగం.

మట్టి కొనకుండా బతకాలంటే ఎరువు ఇంట్లోనే తయారవ్వాలి. పగిలిన నీళ్ళ డ్రమ్ముకు పక్కల కన్నాలు పెట్టి వంటింటి చెత్త, దేవుడి పటాల మీద వాడిన పూలు వేస్తున్నాం. పూల దండ దారం మాత్రం తీసేయాలి, నైలాన్‌దైతే ఎన్నాళ్ళకీ కుళ్ళదు. చెత్త ఒక వంతు వేస్తే ఎండుటాకులు రెండు వంతులు వేయాలి. వాసన వస్తోందంటే ఎండుటాకు చాలలేదని అర్థం. అందులో తెల్లగా లావుపాటి పురుగులు కనబడితే కంగారు పడక్కర్లేదు. అవి సాధారణంగా బ్లాక్ సోల్జర్ ఫ్లై అనే ఈగ లార్వాలు, చెత్తను మనకంటే వేగంగా తినిపెడతాయి. మా అత్తయ్యగారు మాత్రం ఆ డ్రమ్ము మూత ఇప్పటికీ తీయరు. "నువ్వే చూసుకోవే తల్లీ" అంటారు.

వంటింటి చిట్కాల మీద నా మాట కొంచెం కటువుగా ఉంటుంది. కోడిగుడ్డు పెంకులు ముక్కలుగా వేస్తే ఏళ్ళ తర్వాత కూడా మట్టిలో అలాగే కనబడతాయి, మెత్తగా పొడి చేస్తేనే అర్థం ఉంది. అరటి తొక్క నానబెట్టిన నీళ్ళు పోసిన డబ్బాకూ, పోయని డబ్బాకూ నాకు తేడా తెలియలేదు. తొక్కను ఎరువు డ్రమ్ములో వేయడమే నయం. టీ పొడి పంచదార పోయేలా కడిగి వేయాలి, లేకపోతే చీమలు. బియ్యం కడుగు పూట దాటకుండా పోసేస్తే చాలు, ఖర్చు లేని నీళ్ళు అవి. ఫిల్టర్ మెషీన్ వదిలే వృథా నీళ్ళు మాత్రం కుండీలకు వద్దు. అందులో ఉప్పు పోగై ఉంటుంది. బోరు నీళ్ళకే డబ్బా అంచున తెల్లపొర కడుతుంటే, దానికి ఇది తోడైతే మొక్క తట్టుకోలేదు. ఏసీ నుంచి కారే నీళ్ళలో ఉప్పుండదు, వాటిని ఒక బకెట్‌లో పట్టి గులాబీలకు పోస్తున్నాం.

పూల విషయానికి వస్తే, ఈ డబ్బాల్లో అందరికంటే బాగా పలికింది మల్లె. డిసెంబరులో నీళ్ళు బాగా తగ్గించి ఎండగట్టాలి. తర్వాత ఆకు దూసేసి, కొమ్మలు ఒక అడుగు ఎత్తుకు కత్తిరించి, పైన రెండంగుళాల మట్టి తీసి కొత్త ఎరువు నింపి, అప్పుడు నీళ్ళు పెట్టాలి. చూసినవాళ్ళు చెట్టు చచ్చిపోయిందనుకుంటారు. మార్చి వచ్చేసరికి మొగ్గ కనిపిస్తుంది. కత్తెర పెట్టడానికి మనసొప్పక వదిలేసిన మల్లె ఆకే ఇస్తుంది.

చామంతి కథ వేరు. మా పక్కింటి వదినగారు నా దగ్గరే పిలకలు తీసుకెళ్ళి నాటారు. డిసెంబరులో మా డబ్బాలు విరగబూస్తుంటే వాళ్ళవి పచ్చగా ఏపుగా ఉన్నాయే గానీ మొగ్గ లేదు. "ఏం ఎరువేస్తున్నావమ్మా, నాకు చెప్పడం లేదు నువ్వు" అని నిష్ఠూరం కూడా వేశారు. వెళ్ళి చూస్తే ఆ డబ్బాల పైనే మెట్లగది బల్బు రాత్రంతా వెలుగుతోంది. చామంతి రాత్రి పొడవుని బట్టి మొగ్గ వేసే మొక్క. చీకటి తెగిపోతే దానికి చలికాలం వచ్చినట్టు తెలియదు. డబ్బాలు పిట్టగోడ అవతలి మూలకు మార్చాక సంక్రాంతి దాటి పూశాయి. ఇందులో పైసా ఖర్చు లేదు గమనించండి. బరువైన మొక్కయితే బల్బు ఆర్పడం సులువు.

బంతికి విత్తనం కొనక్కర్లేదని దసరా దండల్లోంచి తీసి ఎండబెట్టినవి చల్లుతుంటారు. మొలుస్తాయి, పూస్తాయి. కానీ మార్కెట్లో వచ్చే పెద్ద ముద్దపూలు చాలావరకూ హైబ్రిడ్‌వి, వాటి గింజ నుంచి అదే పువ్వు వస్తుందన్న నమ్మకం లేదు. కొన్ని ముద్దగా, కొన్ని ఒంటి రేకులతో వస్తాయి. గుమ్మానికి కట్టడానికి నాకు అవి చాలు. కనకాంబరంలోనూ ఇలాంటి మెలికే ఉంది. ఊరి రకం కాయ తడి తగలగానే టప్పున పేలి గింజలు చుట్టుపక్కల డబ్బాల్లోకి అవే చేరతాయి. ఢిల్లీ కనకాంబరం గింజ కట్టదు, కొమ్మ నాటాల్సిందే.

పొదుపు అంతా ఎక్కడ పోతుందో కూడా చెప్పాలి. కడియపులంకలో. నర్సరీల మధ్య రోడ్డు మీద బండి ఆపి ఒక్క మొక్కతో వెనక్కి వచ్చిన మనిషిని నేను చూడలేదు. అక్కడ తెచ్చిన మొక్క వేళ్ళ చుట్టూ గట్టి మట్టిముద్ద ఉంటే కాసేపు నీళ్ళలో ముంచి అంచులు వదులు చేసి నాటుకోవాలి, లేదంటే వేరు ఆ ముద్దలోనే తిరుగుతూ ఉండిపోతుంది. అంటు గులాబీ తెస్తే అతుకు కింద నుంచి వచ్చే చిగుళ్ళు ఎప్పటికప్పుడు తుంచేయాలి, అవి మనం కొన్న గులాబీ కావు. మందారానికి పిండినల్లి పట్టినప్పుడు ముందు గొట్టంతో నీళ్ళు గట్టిగా కొట్టి, సాయంత్రం లీటరు నీటికి 5 మిల్లీలీటర్ల వేపనూనె, కాస్త సబ్బునీరు కలిపి చల్లుతాను. వారం వారం చల్లితే అదుపులో ఉంటుంది, పూర్తిగా పోదు.

డబ్బు లెక్క చూస్తే, పక్కనే పూల మార్కెట్ ఉన్న ఊళ్ళో పూలు పండించుకుని మిగుల్చుకునేది తక్కువే. శ్రావణమాసంలో, కార్తీకంలో మూర ధర పెరిగినప్పుడు మాత్రం తేడా తెలుస్తుంది. మిగిలేదంతా కుండీలు, మట్టి, ఎరువు కొనకుండా గడపడంలోనే.

చివరగా గ్రో బ్యాగులు. పల్చటివి రెండో ఏడాదికి ఎండకు చిరిగాయి, ఎత్తబోతే పట్టీ ఊడి చేతిలోకొచ్చింది. సొంత ఇంట్లో ఉన్నవాళ్ళు వాటి జోలికి వెళ్ళొద్దనే చెబుతాను. అద్దె ఇంట్లో ఉంటే లెక్క మారుతుంది. ఇల్లు మారేటప్పుడు మట్టి గోనెలోకి ఎత్తేసి సంచులు మడతపెట్టి అటక మీద పడేయొచ్చు, బకెట్లయితే లారీలో చోటు తినేస్తాయి. అప్పుడు కూడా 220 జీఎస్ఎంకి (చదరపు మీటరు గుడ్డ ఎన్ని గ్రాములు తూగుతుందో చెప్పే మందం లెక్క) తగ్గనివే కొనండి. కొనేముందు ఇంటిగలవాళ్ళను ఒక మాట అడగండి, డాబా కింద చెమ్మ కనబడితే ముందు అనేది మన కుండీలనే.