నీళ్ల డబ్బాలో కట్టుడు పళ్లు: 8 ఏళ్ల వాడకం తరువాత

పైవరుస మొత్తం కట్టుడు పళ్లే నాకు. ఈ సెట్టు వచ్చి 8 ఏళ్లయింది. జంతికలు, చెరకు తప్ప అన్నీ నములుతున్నాను, ఆ విషయంలో ఫిర్యాదు లేదు. చిక్కంతా నీళ్లతోనే.

రసాయన శాస్త్రం పాఠాలు చెప్పి రిటైరైనవాణ్ని, నోట్లో పెట్టుకున్నదేమిటో ఆరా తీయకుండా ఉండలేను. పళ్లను పట్టి ఉంచే ఆ గులాబీ రంగు భాగం పాలీమిథైల్ మెథాక్రిలేట్, అందరి నోటా యాక్రిలిక్. తాకితే గాజులా నునుపు, అయినా నీళ్లు తాగుతుంది. ఘన సెంటీమీటరుకు 32 మిల్లీగ్రాములు మించకూడదని అంతర్జాతీయ ప్రమాణం. బరువు ఒక శాతం పెరిగితే పొడవు సుమారు 0.23 శాతం సాగుతుంది. తయారీలో గట్టిపడుతూ ముడుచుకున్నది ఈ ఉబ్బుతో కొంత సర్దుకుంటుంది.

ఆరబెడితే ఏమవుతుందో అనుభవం మీద తెలిసింది. జ్వరంతో 12 రోజులు ఆసుపత్రిలో ఉన్నాను. మా ఆవిడ సెట్టును శుభ్రంగా తుడిచి, కాగితంలో చుట్టి, నగలతో పాటు బీరువాలో భద్రపరిచింది! ఇంటికొచ్చి పెట్టుకుంటే ఒక పక్క బిగుతు, ఇంకో పక్క ఊగిసలాట. ఎవరి పళ్లో అరువు తెచ్చుకున్నట్టు అనిపించింది. మాట్లాడితే టకటకమని చప్పుడు. మళ్లీ నీళ్లలో వేశాను. పూర్తిగా నానడానికి 17 రోజుల దాకా పడుతుందట, నాకూ రెండు వారాలు దాటాకే అంగిలికి కుదురుకుంది.

నీళ్లు మంచివే కదా అని కాగిన నీళ్లు పోయకూడదు. దీనికి ముందున్న సెట్టును నేనే అలా పాడుచేశాను. అంగిలి దగ్గర వంగిపోయింది, కొత్తది చేయించక తప్పలేదు.

మూడేళ్ల కిందట ఇది చేజారి పగిలితే, వేడి అక్కర్లేకుండా గట్టిపడే యాక్రిలిక్ రకంతో అతికారు. మొదట్లో ఘాటు రుచి: గట్టిపడకుండా మిగిలిన మోనోమర్, అంటే యాక్రిలిక్ తయారయ్యే ముడి ద్రవం అది. రెండు రోజులు నానబెట్టాక తగ్గింది. కానీ అతుకు పసుపు తిరిగింది, కాఫీ మరక ముందు అక్కడే పడుతుంది. అప్పటి నుంచి సగం నీళ్లున్న బేసిన్ మీద పట్టుకుని, మెత్తటి బ్రష్‌తో తోముతున్నాను. జారినా నీళ్లలోనే పడుతుంది.

ప్రయాణాలకు మాత్రం మూత బిగుతుగా ఉన్న డబ్బా కొనండి. బస్సులో నాది ఒలికి పంచె మొత్తం తడిసింది.